ఉత్తమ ఉద్యోగులు: ఎవరూ లేరు

కంప్యూటరాయన ఆ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఆశ్చర్యపోవడం ప్రాక్టీసు చేస్తున్నాడు. మొదట కనుబొమలు పైకెత్తి చూశాడు. దొంగను చూసి జడుసుకున్నట్టు వచ్చింది. నోరు కొంచెం తెరిచాడు. పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు వచ్చింది. చివరికి తల ఒక పక్కకు వంచి, "అయ్యో, నేనా!" అన్నట్టు చిన్న నవ్వు నవ్వాడు. అది కుదిరింది. కుదిరిన క్షణంలోనే అద్దంలో భార్య ముఖం ప్రత్యక్షమైంది.

"ఎవరితోనండీ ఆ నవ్వు?"

"ఎవరితోనూ కాదు."

"చెవి కింద సబ్బు అలాగే ఉంది, తుడుచుకోండి. అన్నట్టు, నీలం చొక్కా వేసుకోమన్నాడు నాన్న."

"ఇవాళ నేనేం చొక్కా వేసుకుంటే మీ నాన్నకెందుకు? ఆయనకెలా తెలుసు?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడమే జవాబు.

తూకం యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో ఆయన పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. బంగారం కొట్లో పెట్టుకునే చిన్న త్రాసు నుంచి లారీని నిలబెట్టి తూచే కాటా దాకా అన్నీ అక్కడ తయారవుతాయి. ఆఫీసులో ప్రతి బల్ల మీదా కంప్యూటరు ఉన్నా కంప్యూటరాయన అని పిలిచేది మాత్రం ఈయన్నే. ఎవరి కంప్యూటరు ఆగిపోయినా తప్పు ఈయనది కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

ఏటా ఒకరోజు సభ పెట్టి, అయిదుగురు ఉత్తమ ఉద్యోగుల పేర్లు పెద్ద తెర మీద చూపిస్తారు. పద్నాలుగేళ్ళుగా ఆ పేర్లు కంప్యూటరులోకి ఎక్కించింది ఆయన వేళ్ళే. ఒక్కసారి కూడా ఆ వేళ్ళు సొంత పేరు కొట్టలేదు. ఈసారి రెండు రోజుల ముందు మేనేజరు అంటించిన కవరు చేతికిచ్చి, "సభ రోజు పొద్దున దాకా ఎక్కించకు. నోరు జారావో, ఉద్యోగం జారుతుంది" అన్నాడు. కవరు తెరిస్తే మూడో పేరు తనది. అదే పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఉద్యోగుల రిజిస్టరు మొత్తం వెతికాడు. లేరు. ఇంటిపేరుతో సహా తనే.

సంగతి భార్యకు ఒట్టు వేయించుకుని చెప్పాడు. ఆవిడ తండ్రికి మాత్రమే చెప్పింది. ఆయన చిన్నల్లుడికి మాత్రమే చెప్పాడు, సభకు వెళ్ళడానికి కారు కావాలి కాబట్టి.

మామగారు కోర్టులో ముప్పై నాలుగేళ్ళు రికార్డు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. కాగితం మీద లేనిది ఆయన లెక్కలో జరగనట్టే. చిన్నల్లుడికి నేల మీద పరిచే టైల్స్ కొట్టుంది, అతని బొమ్మ బస్సుల వెనక తిరుగుతూ ఉంటుంది, కాబట్టి అతను ఉన్నట్టే. పెద్దల్లుడి విషయమే ఇరవై ఏళ్ళుగా తేలలేదు.

"ఇంతకీ తమరు అక్కడ చేసేదేమిటో ఒక్క ముక్కలో చెప్పండి అల్లుడుగారూ" అని ఒకసారి నలుగురిలో అడిగాడు.

"పేర్ల జాబితా తయారుచేసి పంపిస్తానండీ. వెబ్ పేజీ దాన్ని అందుకుని తెర మీద చూపిస్తుంది."

"ఆ పేజీ తమరే రాస్తారా?"

"కాదండీ. డిజైనరమ్మాయి రాస్తుంది."

"పేర్లు మేనేజరువి, పేజీ ఆ అమ్మాయిది. ఈ గదిలో కాగితాలు ఆ గదికి అందించడం తమ పని. మా కోర్టులో కూడా ఉండేవాళ్ళు. బంట్రోతులనేవాళ్ళం."

చిన్నల్లుడు ఆ మాటకు ఎంత నవ్వాడంటే, పక్కవాళ్ళు వీపు నిమరాల్సి వచ్చింది.

ఆనాటి మంట ఇవాళ చల్లారబోతోంది. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు చేరాడు. పది గంటలకు అయిదు పేర్లూ ఎక్కించాడు. ముందురోజే ఆయనా, డిజైనరమ్మాయీ, మేనేజరూ కలిసి పేజీని పరీక్షించారు. పేర్లు రహస్యం గనక ఖాళీ జాబితా పంపి చూశారు. జాబితా ఖాళీగా ఉంటే పేజీ బోసిగా కనిపించకూడదని ఆ అమ్మాయి ముందుచూపుతో ఒక వాక్యం రాసిపెట్టింది. ఆ వాక్యం ముచ్చటగా వచ్చింది. "భేష్, సరిగ్గా పనిచేస్తోంది" అన్నాడు మేనేజరు. ముగ్గురూ టీ తాగి ఇళ్ళకు వెళ్ళారు.

పదకొండయ్యేసరికి హాలు నిండింది. ముందు వరసలో పెద్దాయన కూర్చున్నాడు. కంపెనీ పెట్టిన మనిషి. ఎనభై దాటాయి, ఏడాదికి ఒక్కసారి వస్తాడు, వచ్చినప్పుడు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. ఆ నాలుగు మాటలకే మేనేజరు ఏడాదంతా వణుకుతూ ఉంటాడు. మూడో వరసలో కంప్యూటరాయన, పక్కన భార్య, ఆ పక్కన మామగారు, చివర ఫోను పైకెత్తి పట్టుకుని చిన్నల్లుడు.

మేనేజరు మైకు ముందు కంపెనీ ఒక కుటుంబమన్నాడు, కుటుంబానికి మూలస్తంభాలున్నాయన్నాడు, "ఆ స్తంభాలెవరో ఇప్పుడు చూద్దాం" అని మీట నొక్కాడు.

తెర మీద బంగారు రంగు అక్షరాలు మెరిశాయి. 'ఈ సంవత్సరం మన ఉత్తమ ఉద్యోగులు.' దాని కింద, నల్లగా, చక్కటి అక్షరాలలో: 'ఎవరూ లేరు.'

తెరలోనే పై నుంచి గులాబీ రేకులు రాలాయి. అది డిజైనరమ్మాయి సరదాపడి పెట్టిన ఏర్పాటు. రేకులన్నీ మెల్లగా తేలుతూ వచ్చి ఆ రెండు మాటల మీద పడ్డాయి.

కంప్యూటరాయన ముఖంలో ఆశ్చర్యం దానంతటదే వచ్చింది. పొద్దుట పడిన శ్రమంతా దండగ.

మామగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, కూడబలుక్కుని పైకే చదివాడు. "ఎవరూ... లేరు. నేను సరిగ్గానే చదివానా?"

"సరిగ్గానే చదివారు మావయ్యగారూ. స్పష్టంగా ఉంది" అన్నాడు చిన్నల్లుడు ఫోను దించకుండానే.

మేనేజరు మీట మళ్ళీ నొక్కాడు. 'ఎవరూ లేరు.' మళ్ళీ రేకులు. అతను వేదిక దిగి మూడో వరస దాకా వచ్చి, నవ్వు చెదరకుండా పళ్ళ మధ్య నుంచే, "రెండు నిమిషాలు టైమిస్తున్నా. లే" అన్నాడు.

ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తన గదికి చేరేసరికి డిజైనరమ్మాయి అప్పటికే ఎదురుబల్ల ముందు కూర్చుని గోళ్ళు కొరుకుతోంది.

"జాబితాకి ఏం పేరు పెట్టి పంపించారు సార్?"

"విన్నర్."

"అయ్యో! నేను పేజీలో విన్నర్స్ అని రాశాను సార్. చివర ఎస్ ఉంది. అయిదుగురు కదా?"

"అయిదుగురైనా జాబితా ఒకటే కదమ్మా!"

ఇద్దరి మాటా న్యాయమే. జాబితాకు ఒక పేరు తగిలించి పంపుతారు, పేజీ అదే పేరు కోసం చూస్తుంది. పేర్లు కలవకపోతే పేజీ అరిచి గోల చెయ్యదు. తనకేమీ అందలేదనుకుని ఊరుకుంటుంది. ముందురోజు పరీక్షలో కనిపించింది కూడా ఇదే. ఖాళీ జాబితా అందిందనుకుని ముగ్గురూ మురిసిపోయారు గానీ, నిజానికి ఏ జాబితా అందనే లేదు.

ఇంతలో కింది అంతస్తు నుంచి ఫోను. సభలో తెరతోపాటు గేటు దగ్గరా, క్యాంటీనులోనూ, ప్యాకింగు సెక్షనులోనూ ఉన్న తెరలన్నిటికీ ఆ పేజీ వెళ్ళింది. ప్యాకింగులో యూనియన్ లీడరు అట్టపెట్టె ఎక్కి నిలబడ్డాడట. "ఎవరూ లేరటరా! అయితే ఈ పెట్టెలు కట్టేది కూడా ఎవరూ లేరు. దింపండి చేతులు!" అన్నాడట. నూట ఇరవై చేతులు దిగాయట.

"తొందరగా మార్చెయ్" అన్నాడు కంప్యూటరాయన.

"మార్చేస్తున్నా సార్" అంది ఆ అమ్మాయి.

ఆయన తన వైపు ఎస్ చేర్చాడు. అదే క్షణంలో ఆ అమ్మాయి తన వైపు ఎస్ తీసేసింది. ఇద్దరూ తృప్తిగా ఒకరినొకరు చూసుకుని, "అయిపోయింది, మళ్ళీ నొక్కమనండి" అని కిందికి కబురు పంపారు.

హాల్లో మేనేజరు, "చిన్న సాంకేతిక లోపం. ఇప్పుడు అసలు జాబితా" అని ప్రకటించి నొక్కాడు. 'ఎవరూ లేరు.' గులాబీ రేకులు.

ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. అసలు జాబితా అని చెప్పి మరీ చూపిస్తే ఇంకేమనుకుంటారు? ప్యాకింగు వాళ్ళు మెట్ల మీదికి వచ్చేశారు.

"ఈ ఎస్ గొడవ వద్దమ్మా. ఇద్దరికీ గుర్తుండే పేరు ఒకటి పెట్టేద్దాం" అన్నాడు కంప్యూటరాయన. చెమటకు నీలం చొక్కా వీపుకు అంటుకుపోయింది. "స్టాఫ్. సరేనా? నేను స్టాఫ్ అంటా, నువ్వూ స్టాఫ్ అను. వేరే ఏమీ ముట్టుకోకు."

ఈసారి పేర్లు కలిశాయి. కలవకుండా ఉంటే బాగుండేది. స్టాఫ్ అనే పేరుతో ఒక జాబితా ఆయనే ఆరేళ్ళ కిందట తయారుచేశాడు. కంపెనీ పుట్టిన నాటి నుంచి జీతం పుచ్చుకున్న ప్రతి మనిషీ అందులో ఉన్నాడు. పేజీకి కొత్తదానికంటే ముందు అదే దొరికింది. మూడువందల పన్నెండు పేర్లు తెర మీద పైకి పాకడం మొదలుపెట్టాయి. పనిలో ఉన్నవాళ్ళు, మానేసినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, పోయినవాళ్ళు, అందరూ ఉత్తములే. తూకపు రాళ్ళు అన్నం డబ్బాలో పెట్టుకుపోతూ దొరికి, ఉద్యోగం ఊడిన స్టోర్‌కీపరు పేరు కూడా రేకుల మధ్య మెరుస్తూ వెళ్ళింది.

ప్యాకింగు వాళ్ళు ఈలలు వేశారు. "చూశారా! కదిలితే గానీ దిగిరారు!" అంటూ లీడరును భుజాల మీదికి ఎత్తారు.

అక్కడితో ఆగినా సరిపోయేది. తెర మీద పేరు వచ్చిన ప్రతివాళ్ళ ఫోనుకూ కంపెనీ తరఫున అభినందన లేఖ వెళ్ళేలా పోయినేడు ఆయన ఒక ఏర్పాటు చేశాడు. అలా చేసినందుకు ఎవరూ మెచ్చుకోలేదని బాధపడ్డాడు కూడా. ఇప్పుడు మూడువందల పన్నెండు లేఖలు వెళ్ళాయి. ఏమైనా అడగదలిస్తే ఈ నంబరుకు ఫోను చేయండి అని లేఖ అడుగున ఉన్నది ఆయన బల్ల మీది నంబరే.

వెంటనే మోగింది.

"బాబూ, నేను లేత్ మిషను మీద పనిచేసినాయన భార్యని." ముసలి గొంతు. "ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన ఫోను నేనే ఉంచుకున్నా. ఇప్పుడేదో వచ్చింది, పక్కింటి పిల్లతో చదివించా. ఉత్తమ ఉద్యోగి అని ఉందట. నిజమేనా బాబూ?"

కంప్యూటరాయన తెర వైపు చూశాడు. పేర్లు ఇంకా పాకుతున్నాయి.

"ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. ఏటా ఈ సభ రోజున ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళేవాడు, ఎందుకైనా మంచిదని. సాయంత్రం వచ్చి చొక్కా మడత నలగకుండా విప్పి, మళ్ళీ ఏడాదికి పనికొస్తుంది దాచిపెట్టు అనేవాడు. నిజంగా ఆయన పేరేనా?"

ఆమె చెబుతున్న ఆ సంవత్సరాలలో చివరి పదకొండింటికి పేర్లు ఎక్కించింది తనే. ఈ పేరు ఎప్పుడూ తన చేతికి రాలేదు. పొరపాటున వెళ్ళిందమ్మా అనడానికి నోరు తెరిచాడు.

"నిజమేనమ్మా" అన్నాడు.

"కాగితం ఏమైనా ఇస్తారా? గోడకి పెట్టుకుంటా."

"ఇస్తారమ్మా. వచ్చేవారం రండి." ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియలేదు. డిజైనరమ్మాయి గోళ్ళు కొరకడం మాని ఆయన వైపే చూస్తోంది.

తర్వాత ఫోను పక్కన పెట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ సరిచేశాడు. పన్నెండుంపావుకు తెర మీద అయిదు పేర్లు వచ్చాయి. అయిదే. వరసగా, తప్పు లేకుండా. మూడోది తనది.

పరుగున హాల్లోకి దిగాడు. కుర్చీలన్నీ ఖాళీ. అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు. మూడో వరసలో తనవాళ్ళు ముగ్గురే కూర్చుని ఉన్నారు. భార్య లేచి నిలబడి తెర వైపు చూపిస్తోంది. "నాన్నా, చూడు! మూడోది! చదువు!"

మామగారు చదివాడు. ఇంటిపేరు నుంచి మొదలుపెట్టి, కోర్టులో చదివినట్టు. చదివి కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు ఎవరూ లేరన్నారు. తర్వాత అందరూ ఉన్నారన్నారు. తమరు పైకెళ్ళి గంటసేపు ఒంటరిగా కూర్చున్నాక తమరి పేరు వచ్చింది." ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నా సర్వీసులో ఇలాంటి రికార్డులు చాలా చూశాను అల్లుడుగారూ. అడిగితే కొట్టేసి రాసినవాడు కూడా ఇలాగే చెమటలు కక్కుతూ నిలబడేవాడు."

"మావయ్యగారూ, మేనేజరు కవరులో..."

"ఆ కవరు ఎవరి దగ్గరుంది?"

"చదివాక చింపెయ్యమన్నారండీ."

"చింపేశారు. బాగుంది" అని మామగారు లేచాడు.

"పోనీలెండి అన్నయ్యగారూ, మనలో మాట, నేనైతే మొదటి పేరే పెట్టుకునేవాణ్ణి" అని చిన్నల్లుడు భుజం తట్టాడు.

అప్పుడే మేనేజరు వచ్చాడు. గంట కిందట నల్లబడ్డ ముఖం ఇప్పుడు వెలిగిపోతోంది. కంప్యూటరాయనను తలుపు వెనక్కు లాక్కెళ్ళాడు.

"ఆ అయిదు పేర్లూ తీసెయ్. మొదటిదే మళ్ళీ పెట్టు."

"మొదటిదా? అది తప్పు కదండీ. ఇదే సరైనది, మీరిచ్చిన..."

"ఏది సరైనదో నువ్వా చెప్పేది? పెద్దాయన నన్ను పక్కకి పిలిచి ఏమన్నారో తెలుసా? 'యాభై ఏళ్ళుగా ఈ సభకొస్తున్నా. తెర మీద నిజం రాసే దమ్ము నీకొక్కడికే ఉంది' అన్నారు. చెయ్యి పట్టుకున్నారయ్యా! ఆ చేత్తో నేనింకా అన్నం కూడా తినలేదు."

"మీరేమన్నారండీ?"

"ఏమంటాను? చాలా రోజులు ఆలోచించి చేశానండీ అన్నాను. మిగతా తెరలు ఆపించాను గానీ, ఈ అయిదు పేర్లు హాలు దాటి బయటికొస్తే నా గతేమిటి? ఎవరూ లేరు అని మూడుసార్లు వచ్చింది నా నిర్ణయం. మూడువందల మంది వచ్చింది నీ పొరపాటు. ఈ అయిదుగురు... ఇందులో నీ పేరు కూడా ఉందిగా? అది ఎలా వచ్చిందో జనం వాళ్ళకు తోచినట్టు అనుకుంటారు. నేను ఆపలేను."

పోతూ పోతూ ఒక కవరు ఆయన చేతిలో పెట్టాడు. సంతకాలు పెట్టి, పేరు రాయవలసిన చోట ఖాళీ వదిలిన అయిదు ప్రశంసాపత్రాలు. "వీటినీ చింపెయ్" అన్నాడు.

మూడు గంటలకు మెమో వచ్చింది, నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వమని. గేటు దగ్గర ఆ ఉద్యోగం ఊడిన స్టోర్‌కీపరు ఫోనులో అభినందన లేఖ పట్టుకుని, పక్కన యూనియన్ లీడరును పెట్టుకుని నిలబడ్డాడు. కంపెనీయే ఉత్తముడని రాసిచ్చిన మనిషిని గేటు బయట ఎలా నిలబెడతారని లీడరు గట్టిగా అడిగాడు. పెద్దాయన కారు ఇంకా కదల్లేదు. గొడవ ఎందుకని మేనేజరు అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నాడు. ఖాళీగా ఉన్నది స్టోర్సు ఒక్కటే గనక ఆ తాళాలే ఇచ్చాడు.

సాయంత్రం ఇంట్లో భార్య మంచినీళ్ళు తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీ పేరు నిజంగానే ఉంది కదండీ ఆ కవర్లో?"

"ఉంది."

"ఉందిలెండి" అంది ఆవిడ, జ్వరంతో ఉన్న పిల్లవాడికి రేపు తగ్గిపోతుందిలే అన్నట్టు. ఆ గొంతు విన్నాక, కవరులో మూడోదిగా తను చదివింది ఏ పేరో ఆయనకే అనుమానం వచ్చింది.

వారం తర్వాత గురువారం నాడు ముసలావిడ వచ్చింది. ఉతికిన చీర, చేతిలో గుడ్డ సంచి. గేటు దగ్గర ఎవరిని కలవాలని అడిగితే, ఫోను ఎత్తిన బాబును అందట. మేనేజరు ఊళ్ళో లేడు. పెద్దాయన మిగతా శాఖలు కూడా అతని కిందే పెట్టాడు, అవి చూసి రావడానికి వెళ్ళాడు.

కంప్యూటరాయన సొరుగు లాగాడు. చింపడానికి చేతులు రాక ఆ అయిదు కాగితాలూ అక్కడే పడి ఉన్నాయి. ఒకటి తీసి, ఖాళీ చోట లేత్ మిషను ఆయన పేరు తన చేతి రాతతోనే గుండ్రంగా రాశాడు. కంప్యూటరు జోలికి వెళ్ళలేదు. సిరా ఆరేదాకా ఊది ఇచ్చాడు.

ఆమెకు చదువు రాదు గానీ ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూసింది. సంచిలోంచి పాత పత్రిక తీసి, అందులో కాగితం జాగ్రత్తగా పెట్టుకుంది.

"ఈ ఏడు ఇంకా ఎవరెవరికి ఇచ్చారు బాబూ?"

"ఇంకెవరికీ ఇవ్వలేదమ్మా. ఆయనొక్కడికే."

"ఒక్కడికేనా!" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "చూశావా, ఇంట్లో ఒక్క మాట చెప్పేవాడు కాదు."

ఆమె మెట్లు దిగి వెళ్ళేదాకా ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. అబద్ధం చెప్పానేమోనని ఒకసారి వెనక్కు తిరిగి లెక్క చూసుకున్నాడు. లేదు, నిజమే చెప్పాడు. ఆ సంవత్సరం ఆ కంపెనీలో ఉత్తమ ఉద్యోగి ఒక్కడే. అతను డ్యూటీకి రాక మూడేళ్ళయింది.